రికార్డు రూము నిచ్చెన

పదకొండయ్యేసరికి ఆ ఆఫీసు గుమాస్తాలకి పాత కాగితాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. అంతకు ముందు ఆ వేళకి మూకుమ్మడిగా లేచి పక్కసందులో కాఫీ హోటలుకి వెళ్ళేవాళ్ళు. ఎమర్జెన్సీ వచ్చింది. సీట్లో మనిషి లేకపోతే ఉద్యోగానికే మోసం అన్న భయంతో గవర్నర్‌పేటలో కుర్చీలన్నీ నిండిపోయాయి. కుర్చీలు నిండాయి గాని పనేం పెరగలేదు. కాఫీకి పోవడానికి వీల్లేని ఆ అరగంటలో మహానుభావులకి రికార్డు రూము గుర్తొచ్చింది.

రికార్డు రూములో పని అమలమ్మది. ఆమె భర్త శౌరయ్య అదే ఆఫీసులో అటెండరుగా ఉండి, కిందటేడు జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ముప్ఫై రెండేళ్ళ మనిషి. మిషను స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి రోజూ గుణదల నుంచి నడిచొస్తుంది. ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు.

పాతకాలపు మేడ కావడంతో ఆ గది చాలా ఎత్తు. నేల నుంచి దూలాల దాకా చెక్క అరలు, అరల నిండా ఎర్రగుడ్డలో మూటగట్టిన కాగితాలు. ఈమధ్య సంవత్సరాలవి కింద, వెనకటివి పైన. పైకి చేరడానికి పదమూడు మెట్ల టేకు నిచ్చెన ఒకటుంది. దాని కొసన రెండు ఇనప కొక్కేలు. వాటిని అరల పొడుగునా ఉన్న కమ్మీకి తగిలించి, కాలితో ఒకసారి నొక్కి చూసుకుని ఎక్కాలి. ఎవరికే ఫైలు కావాలన్నా సంవత్సరం, నంబరు, పేరు, తేదీ వేసి చీటీ రాసివ్వాలి. అమలమ్మ ఎక్కి, మూట విప్పి, ఫైలు తీసి, దాని స్థానంలో చీటీ పెట్టి, మళ్ళీ ముడివేసి దిగుతుంది. ఫైలు తిరిగొచ్చినప్పుడు మళ్ళీ ఎక్కి, చీటీ తీసి చించేస్తుంది. అంటే ఒక్కో చీటీకి రెండుసార్లు నిచ్చెన ఎక్కడం. పుణ్యాత్ములు ఒక్క చీటీ కూడా కింది అరలకి రాసేవాళ్ళు కారు.

ఇదంతా హెడ్డుగుమాస్తా రామ్మూర్తికి తెలుసు. తెలియకపోవడానికి వీల్లేదు, ఆయన కుర్చీ రికార్డు రూము గుమ్మానికి పది అడుగుల దూరంలోనే ఉంది. యాభై రెండేళ్ళవాడు, పంచె కట్టుకుని పైన కోటు తొడుక్కుంటాడు. ఇంగ్లీషులో నోటు రాస్తే పై ఆఫీసు వాళ్ళు కామా మార్చడానికి కూడా సాహసించరని ప్రతీతి. మంచివాడన్న పేరు కూడా ఉంది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన చేసిందల్లా ఎవరి జోలికీ పోకపోవడమే.

సోమవారం పదకొండింటికి ముగ్గురు ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. మొదటివాడు వీరభద్రం, ఆ సందడికి పెద్ద. రామ్మూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇవాళ మందలించాల్సిందే అనుకుని లేచాడు. అలా అనుకునే లేచానని తరవాత నాలుగు రోజులపాటు ఆయన తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

లోపల ముగ్గురూ మెడలెత్తి నించున్నారు. చేతుల్లో కాగితాలేం లేవు. అమలమ్మ పదకొండో మెట్టు మీద, ఒక చెయ్యి కమ్మీకి పెనవేసి, రెండో చేత్తో మూట ముడి విప్పుతోంది. రామ్మూర్తి కూడా మెడెత్తాడు. పగిలిన మడమ, దానిపైన చీర అంచు, ఆ అంచు కింద నాలుగు వేళ్ళ మేర ఖాకీ గుడ్డ కనిపించాయి. ఇదేమిటా అని ఇంకా చూశాడు. ఖాకీ పంట్లాం. చీర లోపల మగవాళ్ళ పంట్లాం తొడుక్కుని, పొడుగైన కాళ్ళు రెండు మడతలు మడిచి కుట్టుకుంది. సర్కారు అటెండర్లకిచ్చే గుడ్డే అది.

వీరభద్రం ఆయన చెవి దగ్గరికి వంగాడు. “శౌరయ్య ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు గురువుగారూ.”

రామ్మూర్తి నవ్వాడు.

పెద్దగా కాదు, పెదవి ఒక పక్కకి కదిలింది, అంతే. తోటివాడు మాటంటే ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన అలాగే నవ్వుతూ వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే అమలమ్మ కిందికి చూసింది. మిగతా ముగ్గుర్నీ దాటి ఆమె చూపు ఆయన దగ్గర ఆగింది.

“మీకేం ఫైలు కావాలండీ?” అని అడిగింది.

ఆయనకే ఫైలూ అక్కర్లేదు. అక్కర్లేదని చెబితే ఎందుకొచ్చినట్టు? నోటికొచ్చిన సంవత్సరం చెప్పేశాడు. ముప్ఫై ఆరు, కూచిపూడి దగ్గర తూము మరమ్మతు, అన్నాడు. అలాంటి ఫైలొకటి ఎప్పుడో చూసిన గుర్తు. అమలమ్మ దిగింది, నిచ్చెన కొక్కేలు ఊడదీసి గదిలో అవతలి మూలకి మోసింది, తగిలించింది, మళ్ళీ ఎక్కింది. దుమ్ముకి రెండుసార్లు తుమ్మింది. ఫైలు తెచ్చి ఆయన చేతికిచ్చి చీటీ అడిగింది. ఆయన ఆమె బల్ల మీదే వంగి చీటీ రాసి సంతకం చేశాడు. ఆ సంతకం ఎన్నడూ లేనంత అడ్డదిడ్డంగా వచ్చింది. ఆ చీటీ పెట్టడానికి ఆమె మళ్ళీ ఎక్కింది.

ఆ ఫైలు ఆయన బల్ల మీద ఎడమ పక్కన పడుంది. ఎవరో ఓవర్సీరు నలభై ఏళ్ళ కిందట సున్నం, ఇటిక కావాలని రాసుకున్న ఉత్తరాలు. తిరిగిచ్చేద్దామంటే అమలమ్మ మళ్ళీ నిచ్చెనెక్కాలి. ఉంచుకుందామంటే కూచున్నంతసేపూ కంటికి ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం దాని మీద ఒక పుస్తకం పెట్టాడు. సిగ్గుతో మనిషికి పనేమీ తోచలేదు.

మర్నాడు పొద్దున సత్యనారాయణపురంలో వాళ్ళింట్లో భార్య జానకి ముక్కాలిపీట మీద ఎక్కి అటక మీంచి ఊరగాయ జాడీ దింపబోతుంటే రామ్మూర్తి పరుగున వెళ్ళి పీట పట్టుకున్నాడు. పట్టుకుని తల పక్కకి తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళ కాపరంలో లేని ముచ్చట ఇవాళేమిటని ఆవిడ పైనుంచే నవ్వింది. జాడీ బరువుగా ఉందేమోనని, అన్నాడు. జాడీలో అడుగున నాలుగు ముక్కలున్నాయి.

ఆ రోజంతా ఆలోచించి బుధవారం ఆయన తనకి చేతనైన పని చేశాడు. నోటు రాశాడు.

వీరభద్రాన్ని పిలిచి బుద్ధిలేదా అని నాలుగు చివాట్లు పెడితే సరిపోయేది. కాని ఆ పెదవి కదలడం వీరభద్రం కళ్ళారా చూసినవాడు. మీరూ నవ్వారు గదా గురువుగారూ అంటే ఏం చెప్పాలి? నోటుకైతే ఎదురు ప్రశ్న ఉండదు. కాబట్టి, రికార్డు గదిలో నిచ్చెన ఎక్కి దిగే పని స్త్రీకి మిక్కిలి ప్రయాసతో కూడినదనీ, సదరు అమలమ్మ ఆ పని నిర్వహించుటలో ఇబ్బంది పడుతున్నదనీ, ఆమెను మంచినీళ్ళ పనికి మార్చి ఆమె స్థానంలో అటెండరు ఆమోసును వేయవచ్చుననీ, మూడు పేరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా చక్కటి ఇంగ్లీషులో రాసి ఆఫీసరు గారి బల్ల మీదికి పంపాడు. పంపాక ప్రాణం తేలికపడింది.

ఆ సాయంత్రం భోంచేస్తూ జానకితో చెప్పాడు కూడా. పాపం ఒకావిడ నిచ్చెనెక్కలేక అవస్థ పడుతుంటే తప్పించానన్నాడు. ఎందుకు అవస్థో, ఎవరివల్లో చెప్పలేదు.

జానకి మజ్జిగ పోస్తూ ఆగింది. “ఆవిడ అడిగిందా?”

అడగడమెందుకు, కనబడుతూనే ఉందిగా, అన్నాడు రామ్మూర్తి. ఆవిడ మజ్జిగ మాత్రం తక్కువే పోసింది.

గురువారం పదింబావుకి ఆఫీసరు అచ్యుతరామారావు గారు కబురు పెట్టారు. ఆయన ముఖం కళకళలాడుతోంది. మంచి నోటు రాశారన్నారు. మొదటినుంచీ తన అభిప్రాయం కూడా అదేననీ, ఆడమనిషికివ్వాల్సిన పోస్టు కాదనీ, పైవాళ్ళు దయాదాక్షిణ్యాలని ఆర్డరిస్తే ఊరుకోవాల్సొచ్చిందనీ అన్నారు. ఇప్పుడు హెడ్డుగుమాస్తాయే కాగితం మీద పెట్టారు కాబట్టి దారి దొరికిందట. మంచినీళ్ళ పోస్టేదీ ఖాళీ లేదు. ప్రొబేషను పూర్తికాలేదు గనక, పనికి అసమర్థురాలని రాసి తీసెయ్యమని పై ఆఫీసుకి పంపుదాం, సోమవారానికి చిత్తు తయారుచెయ్యండి, అన్నారు. నోటు కింద ఆకుపచ్చ సిరాతో ఆ మాటే రాసి సంతకం కూడా చేసేశారు.

నా ఉద్దేశం అది కాదండీ, అన్నాడు రామ్మూర్తి.

“ఉద్దేశాలెవరికి కావాలయ్యా? ఇబ్బంది పడుతోందని రాశారా లేదా?”

రాశాడు. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. నోటు ఫైల్లో ప్రతి పుటకీ అంకె, ప్రతి పేరాకీ అంకె. ఆఫీసరు సంతకం పడ్డాక చించడానికి లేదు, దిద్దడానికి లేదు. ఇన్నేళ్ళుగా కొత్తవాళ్ళకి ఈ సంగతి నేర్పింది ఆయనే.

ఆఫీసరు గది గుమ్మం దగ్గర స్టూలు మీద కూచునే ఆమోసు అంతా విన్నాడు. అరగంటలో అమలమ్మకి తెలిసింది. ఆమె వచ్చి రామ్మూర్తి బల్ల ముందు నించుంది. చేతులకి దుమ్ముంది. అంతకుముందెన్నడూ ఆమె ఆ బల్ల దగ్గరికి పని లేకుండా రాలేదు. ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. ఏడ్చినా బాగుండేది.

“నేనెక్కలేనని మీతో ఎప్పుడన్నా అన్నానా అండీ?”

“లేదు.”

“మరెందుకు రాశారండీ?”

నీ మంచికేనమ్మా అన్నాడాయన, గొంతు తగ్గించి. చుట్టూ కలాల చప్పుడు ఆగిపోయింది.

“నా మంచికైతే వాళ్ళని రావద్దనాలి గదండీ. నన్ను దింపడం దేనికి?” ఆమె గొంతు పెరగలేదు. “నిచ్చెనతో నాకేం ఇబ్బంది లేదండీ. పదమూడు మెట్లు గాదు, ముప్ఫయ్యయినా ఎక్కుతాను. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. సోమవారం మీరూ వచ్చారు. ఆ తూము ఫైలు మీకక్కర్లేదని నాకు తెలుసండీ. అడిగారు గాబట్టి తెచ్చాను. మీరు రాసింది మీరే తీసెయ్యండి.”

తీసెయ్యడానికి వీలుండదు అమలమ్మా, అన్నాడు. ఆమె ఒక క్షణం ఆయన ముఖం కేసి చూసి వెళ్ళిపోయింది. ఆమె అడిగినదంతా ఆఫీసంతటికీ వినబడింది. రామ్మూర్తికి చెవులు కాలిపోయాయి. ఇంకులో ముంచిన కలం పట్టుకుని అలాగే కూచుండిపోయాడు.

తీసెయ్యడానికి వీల్లేదు, నిజమే. కింద ఇంకో పేరా రాయడానికి మాత్రం వీలుంది. కాని ఏమని రాయాలి? పొరపాటున రాశానంటే ఆకుపచ్చ సిరా ఒప్పుకోదు. ఇబ్బంది లేదంటే, నిన్న ఎందుకుంది, ఇవాళెందుకు లేదు, అని అడుగుతుంది. ఎటు తిరిగినా కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే రుజువు కావాలి. రుజువు పై అరల్లో ఉంది. వీరభద్రం బృందం తీసుకున్న ఫైళ్ళని తిరిగివ్వడం ఎన్నడో మానేశారు. అవన్నీ బల్లల కింద పడున్నాయి. అంటే వాళ్ళ చీటీలన్నీ మూటల్లోనే ఉన్నాయి, సంవత్సరం, నంబరు, తేదీ, సంతకంతో సహా. ఆయన చీటీ కూడా.

రెండు గంటలకి ఆయన తూము ఫైలు తీసుకుని రికార్డు రూములోకి వెళ్ళాడు. రెండు నెలల చీటీలూ చూడాలన్నాడు. పైనున్నాయండీ అంటూ అమలమ్మ నిచ్చెన దగ్గరికి నడిచింది. “నేనెక్కుతాను” అన్నాడు రామ్మూర్తి. ఆమె ఆగి, ఆయన పంచె వైపు చూసి, కొక్కేలు తగిలించి ఇచ్చింది.

చెప్పులు విడిచాడు. కుచ్చెళ్ళు ఎగదోపుకున్నాడు. ఏడో మెట్టు దగ్గర పంచె చెంగు మేకుకి తగులుకుని తొడదాకా లేచింది. రెండు చేతులా నిచ్చెన పట్టుకున్న మనిషి దాన్నెలా సర్దుకుంటాడు? ఈ కబురు ఆఫీసంతా ఎలా పాకిందో గాని ఎనిమిదో మెట్టు ఎక్కేసరికి గుమ్మంలో జనం. ఎవడో కిసుక్కుమన్నాడు. తెల్లటి పిక్కల గురించి వీరభద్రం ఏదో అన్నాడు, తక్కినవాళ్ళు నవ్వారు.

పదకొండో మెట్టు మీద కమ్మీకి చెయ్యి పెనవేసి ఆయన కిందికి చూశాడు.

కింద నించున్నవాళ్ళకి తెలియని సంగతి ఒకటి అక్కడినుంచి తెలుస్తుంది. పైనుంచి అన్నీ కనిపిస్తాయి. ఏ కళ్ళు ఎక్కడున్నాయో, ఏ పెదవి ఎటు కదిలిందో, ఎవరు చూసీ చూడనట్టు నటిస్తున్నారో, కిటికీ వెలుతురు ముఖాల మీదే పడి అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. రెండు నెలలుగా ఆమె చూస్తున్నది ఇదే. సోమవారం ఆమెకి కనిపించిన నాలుగో ముఖం తనది. నిచ్చెన పాదం దగ్గర అమలమ్మ రెండు చేతులా బద్దలు పట్టుకుని నించుంది. గదిలో అంతమందిలో ఆమె ఒక్కతే పైకి చూడడం లేదు. నేలకేసి చూస్తోంది.

మూటలు విప్పడం, కట్టడం ఆయనకి చేతకాలేదు. ముడి బిగించబోతే జారిపోయేది. ఒక మూట సగం విచ్చుకుని కాగితాలు గదంతా ఎగిరాయి. కింద మళ్ళీ నవ్వులు. అమలమ్మ మాత్రం నిచ్చెన వదలకుండా, ముడి ఎలా వెయ్యాలో కిందనుంచే చెప్పింది. ముందు అడ్డంగా తిప్పండి, తరవాత నిలువుగా, కొసని లోపలికి దోపండి, అని. ఎక్కుతూ దిగుతూ, నిచ్చెన జరుపుకుంటూ, గంటన్నర పట్టింది. సగంలోనే చూసేవాళ్ళకి విసుగు పుట్టి వెళ్ళిపోయారు. తూము ఫైలు దాని స్థానంలో పెట్టేశాడు గాని, దాని చీటీ చించలేదు. తక్కిన చీటీల పైన పెట్టి పట్టుకుని దిగాడు. మొత్తం నలభై ఆరు.

శుక్రవారం రోజంతా ఆ పేరా రాశాడు. ఇంగ్లీషు మొదటిసారి ఆయన మాట వినలేదు. చివరికి పొడిపొడిగా వచ్చింది. అమలమ్మ పని చెయ్యలేకపోవడమన్నది లేదు. తాను రాసిన మొదటి మూడు పేరాలూ నిజం కావు. జతపరచిన నలభై ఆరు చీటీల్లో ఏ ఒక్క ఫైలూ ఏ పనికీ అవసరం లేదు. నిచ్చెన మీద ఉన్న ఆడమనిషిని చూడడం కోసమే వాటిని అడిగారు. మొదటి చీటీ హెడ్డుగుమాస్తాది. ఆ వాక్యం దగ్గర ఆయన కలం రెండుసార్లు కిందపెట్టాడు, మూడోసారి ఇంటిపేరుతో సహా రాశాడు.

అచ్యుతరామారావు గారు శనివారం పొద్దున అది చదివారు. రెండోసారి చదివారు. మతిపోయిందా మీకు, అన్నారు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, రోజులెలా ఉన్నాయో తెలుసా, పనికిరాడని సంతకం పెడితే ఇంటికి పోతారు, అన్నారు. ఇది పట్టుకుపోండి, వేరే కాగితం మీద మామూలుగా రాసుకురండి, అన్నారు.

“పుటకి అంకె వేశానండి” అన్నాడు రామ్మూర్తి.

అమలమ్మని తీసెయ్యాలంటే ఈ నోటు ఫైలుతో సహా పై ఆఫీసుకి పోవాలి. పోతే, ఎమర్జెన్సీలో మీ ఆఫీసు వాళ్ళు పదకొండింటికి చేసే పని ఇదా అని మొదట అడిగేది ఆఫీసరునే. ఆ మాట రామ్మూర్తి అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆఫీసరు గారు చాలాసేపు ఫాను కేసి చూసి, ప్రతిపాదన విరమించుకుంటున్నట్టు ఒక వాక్యం రాశారు. ఆ కిందే, హెడ్డుగుమాస్తా ప్రవర్తన గర్హణీయమనీ, మందలింపు ఆయన సర్వీసు రిజిస్టరులో ఎక్కించాలనీ మరో వాక్యం రాశారు. ఎక్కించాల్సింది కూడా రామ్మూర్తే. మధ్యాహ్నం కూచుని తన పేరు కింద తన చేత్తోనే ఎక్కించుకున్నాడు.

ఉద్యోగం నిలిచిందన్న సంగతి అమలమ్మకి ఆమోసు చెప్పాడు. ఆమె సాయంత్రం ఇంటికెళ్తూ ఆయన బల్ల పక్కనుంచే వెళ్ళింది. రామ్మూర్తి తలెత్తాడు. ఆమె ఏదైనా అంటుందని ఆయన అనుకున్నాడు, ఎందుకు దాచాలి, కృతజ్ఞతగా ఒక్క మాటయినా అంటుందనుకున్నాడు. ఆమె సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. తాను ఎదురుచూసినందుకు ఆయనకి మళ్ళీ సిగ్గేసింది.

సోమవారం కోర్టు వాయిదా ఒకటి వచ్చిపడింది. యాభై ఒకటో సంవత్సరం కాలవగట్టు తగాదా, నిజంగానే కావాల్సిన ఫైలు. రామ్మూర్తి చీటీ రాసుకుని, కోర్టు కాగితం కూడా సాక్ష్యంగా పట్టుకుని రికార్డు రూములోకి వెళ్ళాడు. అమలమ్మ చీటీ తీసుకుని చదివింది. అరలకేసి చూసి, నిచ్చెన తెచ్చి కొక్కేలు తగిలించింది. కాలితో నొక్కి చూసుకుంది. చీర కుచ్చెళ్ళు పోగుచేసి నడుముకి దోపుకుంది. తరవాత ఎక్కకుండా, బద్ద మీద చెయ్యివేసి ఆగింది.

“బయట నించోండి.”

పరవాలేదు, నేను పట్టుకుంటాను అనబోయాడాయన. మొన్న ఆమె పట్టుకుంది కదా. ఆమె కదలలేదు. ఆయన వెళ్ళేదాకా అలాగే నించుంటుందని తెలుస్తూనే ఉంది. రామ్మూర్తి కోర్టు కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని గుమ్మం దాటాడు. వెనక మొదటి మెట్టు కిర్రుమంది.

బయట వసారాలో వీరభద్రం చేతిలో చీటీతో గోడవైపు తిరిగి నించునున్నాడు. రామ్మూర్తిని చూసి కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.